ర్యాప్ చేసిన కాలమ్: టెస్టులో 690 కిలోన్యూటన్లు, మోడల్‌లో 930. తప్పెక్కడ?

స్ట్రక్చర్స్_రెండోఏడాది

అందరికీ నమస్తే. ఎంటెక్ స్ట్రక్చర్స్ రెండో ఏడాది చదువుతున్నాను. థీసిస్ ఇవ్వడానికి ఇంకా ఆరు వారాలే ఉంది. పదిహేను రోజులుగా ఒకే చోట ఇరుక్కుపోయాను.

మా నాన్న సెంట్రింగ్ మేస్త్రీ. మా చుట్టుపక్కల ఏ ఇల్లు కట్టినా పిల్లర్ తొమ్మిది అంగుళాలు బై పద్దెనిమిదే, అంటే 230 × 450. గోడ మందంలో కలిసిపోవాలి కదా, ఇంటివాళ్ళు వేరే సైజుకి ఒప్పుకోరు. ఎఫ్ఆర్‌పీ ర్యాపింగ్ (ఫైబర్ షీటుని రెజిన్ అనే జిగురుతో పిల్లర్ చుట్టూ అతికించడం) మీద నేను చదివిన పేపర్లలో మాత్రం ఎక్కువగా గుండ్రటి సిలిండర్లే ఉన్నాయి. అందుకే మన పిల్లర్‌నే సగం స్కేలులో పోద్దామనుకున్నాను: 115 × 225, ఎత్తు 600 మి.మీ. 8 మి.మీ. రాడ్లు ఆరు, 6 మి.మీ. రింగులు 100కి ఒకటి, కవర్ (రింగు మీద ఉండే కాంక్రీటు మందం) 15. అచ్చులు నాన్నే కొట్టి ఇచ్చారు. మూలలు గుండ్రంగా రావాలని లోపల పీవీసీ పట్టీ పెట్టాం. డ్రాయింగులో మూల రేడియస్ 25.

అదే కాంక్రీటుతో పోసిన టెస్టు క్యూబుల బలం సగటున 28 ఎంపీఏ (చదరపు మి.మీ.కి 28 న్యూటన్లు) వచ్చింది. ర్యాపింగ్ అంతా నేనొక్కదాన్నే చేశాను. కార్బన్ ఫైబర్ షీటు మందం 0.167 మి.మీ., మాడ్యులస్ (లాగితే సాగకుండా ఎంత గట్టిగా నిలుస్తుందో) 230 జీపీఏ, అంటే 2,30,000 ఎంపీఏ, తెగే స్ట్రెయిన్ (తెగేలోపు ఎంత సాగుతుందో) 1.5 శాతం.

ఫెయిల్ లోడ్లు, కిలోన్యూటన్లలో (కేఎన్):
ర్యాప్ లేనివి: 628, 645, 647. సగటు 640.
రెండు పొరలు: 671, 688, 711. సగటు 690.

మూడింటిలోనూ షీటు మూల దగ్గరే నిలువుగా చీలింది. వెడల్పు ముఖాలు ముందుగా బయటికి ఉబ్బాయి, తర్వాత ఒక్కసారిగా పెద్ద చప్పుడుతో మూల తెగింది.

అబాకస్‌లో (కాలమ్‌ని కంప్యూటర్‌లో కట్టి లోడు పెట్టి చూసే సాఫ్ట్‌వేర్) కాంక్రీట్ డ్యామేజ్డ్ ప్లాస్టిసిటీ అనే మెటీరియల్ వాడాను. డైలేషన్ యాంగిల్ (నొక్కితే కాంక్రీటు పక్కలకి ఎంత ఉబ్బుతుందో చెప్పే అంకె) 36, ఒక పేపర్‌లోంచి తీసుకున్నది. రెండు పొరల షీటును 0.334 మి.మీ. మందం ఉన్న పలచటి పొరగా, అంటే షెల్‌గా పెట్టి కాంక్రీటుకి టై చేశాను (జారకుండా కలిపాను). ర్యాప్ లేని కాలమ్ మోడల్‌లో 652 వచ్చింది, సంతోషించాను. రెండు పొరల కాలమ్ 930 చూపిస్తోంది! మెష్ (మోడల్‌ని ముక్కలు చేసే గడుల సైజు) 25, 15, 10 మి.మీ. మార్చి చూశాను, పెద్ద తేడా లేదు.

టెస్టుకి దగ్గరయ్యేదాకా డైలేషన్ యాంగిల్ తగ్గించుకుంటూ పో, సరిపోతుంది అని ఫ్రెండ్స్ అంటున్నారు. మా గైడ్ మేడమ్ మాత్రం "తేడా ఎందుకొచ్చిందో రాయి, అంకె కలపడం నాకొద్దు" అన్నారు. నాకూ అలా కలపబుద్ధి కావట్లేదు. ఎక్కడ వెతకాలో ఎవరైనా చెప్పగలరా?

---

పగుళ్ల_పరిశోధన

పీహెచ్‌డీలో నేనూ ఇదే పని చేశాను కాబట్టి చెప్తున్నా. మీ గైడ్ మాట వినండి. యాంగిల్ తిప్పి 690 తెప్పించడం అరగంట పని. కానీ రేపు సైజు మారితే ఆ మోడల్ ఎందుకూ పనికిరాదు.

ముందు ఒకటి చెప్పండి. షెల్‌కి ఐసోట్రోపిక్ (అన్ని దిశల్లో ఒకే గట్టిదనం ఉన్న) మెటీరియల్ ఇచ్చారా? మీరు 230 అని ఒక్క అంకే రాశారంటే అదే అనుమానం. ఒక దారం తీసుకుని లాగి చూడండి, బలం ఉంటుంది. అదే దారాన్ని నిలబెట్టి పైనుంచి నొక్కితే? మీ షీటులో దారాలు చుట్టూ తిరుగుతాయి, నిలువు దిశలో ఉన్నది రెజిన్ మాత్రమే. ఐసోట్రోపిక్ ఇస్తే మోడల్‌కి అది కార్బన్ గొట్టంలా కనిపిస్తుంది, నిలువు లోడు కూడా మోసేస్తుంది. చేత్తో లెక్కేయండి: మందం 0.334, చుట్టుకొలత 680, మాడ్యులస్ 2,30,000, నిలువు స్ట్రెయిన్ 0.002 అనుకుంటే దాదాపు 104 కేఎన్. మీ తేడా 240 కదా, అందులో వంద ఇక్కడే దొరకవచ్చు. మధ్య ఎత్తులో షెల్‌ను అడ్డంగా కోసి నిలువు బలం ఎంతుందో చదవండి. లామినా (దిశను బట్టి గుణం మారే మెటీరియల్) పెట్టి దారాలకి అడ్డ దిశ, అంటే నిలువు దిశ, మాడ్యులస్ బాగా తగ్గించి మళ్ళీ నడపండి.

రెండోది, షీటు పై ప్లేటుకీ కింది ప్లేటుకీ తగులుతోందా? ల్యాబ్‌లో సాధారణంగా అంచుల దగ్గర కొన్ని మిల్లీమీటర్లు వదిలేస్తాం. మోడల్‌లోనూ వదలాలి.

ఇక డైలేషన్ యాంగిల్. దీన్ని తీసిపారేయలేం, అసలు కథ ఇక్కడే ఉంది. స్టీలు రింగు ఈల్డయ్యాక (లొంగి సాగడం మొదలుపెట్టాక) దాని పట్టు ఇక పెరగదు. కార్బన్ అలా కాదు, తెగేదాకా బిగుస్తూనే పోతుంది. కాంక్రీటు ఎంత ఉబ్బితే అంత బిగుస్తుంది. అంటే మీరు ఉబ్బు ఎక్కువిస్తే పట్టు ఎక్కువొస్తుంది, పట్టు ఎక్కువైతే బలం ఎక్కువొస్తుంది. నిజమైన కాంక్రీటులో ఆ ఉబ్బు ఒకే తీరుగా ఉండదు. మొదట దాదాపు ఏమీ ఉండదు, సిలిండర్ స్ట్రెంగ్త్ (ర్యాప్ లేని సిలిండర్ పగిలే ఒత్తిడి) దగ్గరికొచ్చేసరికి ఒక్కసారిగా పెరుగుతుంది, చుట్టూ ఉన్న షీటు గట్టిదైతే మళ్ళీ అదుపులోకి వస్తుంది. మొదటినుంచి చివరిదాకా 36 అని ఒక్క అంకె ఇస్తే ఇదంతా పోతుంది. హాంకాంగ్ పాలిటెక్నిక్‌లో టెంగ్ బృందం 2010లో సరిగ్గా ఈ సంగతి మీదే రెండు భాగాల పేపర్ రాసింది, డైలేషనూ హార్డెనింగూ (బలం పెరిగే తీరూ) పట్టుని బట్టి మారేలా. అది చదవకుండా ఈ చాప్టర్ రాయకండి.

ఇంకో ప్రశ్న. ర్యాప్ లేని కాలమ్‌ని 652కి ఎలా తెచ్చారు? క్యూబు 28 నేరుగా పెడితే అంత తక్కువ రాదు.

---

స్ట్రక్చర్స్_రెండోఏడాది

అక్కా, చాలా థాంక్స్. ఐసోట్రోపికే ఇచ్చాను. క్యూబు 28ని 0.8తో గుణించి సిలిండర్ 22.4 చేశాను, దాన్ని మళ్ళీ 0.85తో గుణించి 19 పెట్టాను. ఇది తప్పా?

---

పగుళ్ల_పరిశోధన

తప్పు కాదు, కాలమ్‌కి అలా చేయడం మామూలే. కానీ థీసిస్‌లో దాచకుండా రాయండి. చదివేవాళ్ళకి 652 దానంతటదే వచ్చినట్టు అనిపించకూడదు.

---

కాకినాడ_సైట్

అమ్మా, నేను అబాకస్ నేర్చుకోలేదు. రిపేర్లూ రెట్రోఫిట్టింగూ చేయబట్టి పద్దెనిమిదేళ్ళు. నీ ప్రశ్న చదివి రాత్రి నిద్రపట్టలేదు, ఎందుకో చివర్లో చెప్తాను. ముందు ఒక చేతి లెక్క చెయ్యి.

అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ (ఏసీఐ) వాళ్ళ 440 పద్ధతిలో, నాలుగు మూలల కాలమ్‌కి షీటు ఇచ్చే పట్టుని రెండు మెట్లుగా కోస్తారు. మొదటిది, షీటు 1.5 శాతం దాకా సాగదు, కాలమ్ మీద అందులో 0.55 వంతుకే తెగుతుందని తీసుకుంటారు. రెండోది, ఆకారం. గుండ్రటి కాలమ్‌లో షీటు అన్ని వైపులా సమానంగా లోపలికి నొక్కుతుంది. 1928లో ఇల్లినాయ్‌లో రిచర్ట్ వాళ్ళు సిలిండర్లని నూనె ఒత్తిడిలో పెట్టి పరీక్షించారు. పక్క ఒత్తిడికి నాలుగింతల పైచిలుకు, 4.1 రెట్లు, బలం పెరిగింది. కానీ నూనె అన్ని దిక్కులా నొక్కుతుంది. బల్లపరుపు ముఖం మీద షీటు ఎలా నొక్కుతుంది? తాడుతో మంచం కోడుని బిగించి చూడు, మూలల దగ్గరే కోస్తుంది, మధ్యలో వదులుగానే ఉంటుంది. కాంక్రీటులో కూడా ఒక మూల నుంచి ఇంకో మూలకి వంపు తిరిగిన భాగమే బిగిసి ఉంటుంది. న్యూజిలాండ్‌లో మాండర్ వాళ్ళు 1988లో స్టీలు రింగులకి రాసింది కూడా ఈ వంపు లెక్కే.

నీ 115 × 225కి, మూల రేడియస్ 10 అనుకుని, నేను కాగితం మీద వేశాను. పట్టు ఉన్న భాగం దాదాపు సగం. దాన్ని మళ్ళీ (పొట్టి పక్క బై పొడుగు పక్క) స్క్వేర్‌తో, అంటే 0.26తో గుణించాలి. మిగిలేది 0.13. రెండు పొరల ఒత్తిడి 5 ఎంపీఏ వచ్చినా, దాన్ని 0.13తో, ఏసీఐ వాడే 3.3తో గుణిస్తే బలం పెరిగేది 2 ఎంపీఏ చిల్లర. నీ కాలమ్ మీద అది 54 కేఎన్. 640కి 54 కలిపితే 694. నీ టెస్టు 690! నీ టెస్టు చక్కగా చేశావు తల్లీ, అనుమానం పెట్టుకోకు.

నేను రేడియస్ 10 ఎందుకు తీసుకున్నానంటే, పీవీసీ పట్టీ పెట్టి పోసిన మూల ఎప్పుడూ 25 రావడం నేను చూడలేదు. వైబ్రేటర్ పెట్టగానే పట్టీ నొక్కుకుపోతుంది, వెనక స్లర్రీ చేరుతుంది. నువ్వు మోడల్‌లో డ్రాయింగు 25 పెట్టి ఉంటావు. ఫెయిలైన కాలమ్ తీసుకుని, అట్ట మీద 10, 15, 20, 25 వంపులు కోసి మూలకి ఆనించి చూడు. ఏ వంపు కింద వెలుగు కనపడదో అదే నీ రేడియస్.

ఇక నా సంగతి. కాకినాడలో, సముద్రపు గాలి నేరుగా తగిలే చోట, కింద పార్కింగూ పైన నాలుగంతస్తులూ ఉన్న ఒక అపార్ట్‌మెంట్. పైన ఇంకో అంతస్తు వేయాలన్నారు. పిల్లర్లు నువ్వు చెప్పిన సైజే, 230 × 450. రెండు పొరలు చుట్టేస్తే బలం రెట్టింపవుతుందని కాంట్రాక్టరు చెప్పాడు, ఓనర్లు నమ్మారు. నేను అక్కడ సైట్ ఇంజినీర్‌ని. ఇప్పుడు వేసిన లెక్కే అప్పుడు వేసి ఉంటే తెలిసేది: ఆ సైజుకి రెండు పొరలు ఇచ్చేది ఒక ఎంపీఏకి కాస్త పైన. మొత్తం పిల్లర్ మీద 11 టన్నులు, అదీ సేఫ్టీ ఫ్యాక్టర్లు తీయకముందు. కొత్త అంతస్తు ఆ పిల్లర్ మీద వేసే బరువు 18 టన్నులు. అదే షీటు 300 మి.మీ. గుండ్రటి పిల్లర్‌కి చుడితే 13 ఎంపీఏ దాకా పెరుగుతుంది. కాంట్రాక్టరు చూపించిన బ్రోచర్‌లో ఉన్నది అదే గుండ్రటి పిల్లర్.

మూలలు గ్రైండ్ చేయలేదు. నేను చూశాను. పొద్దున పదింటికి పిల్లర్ పక్కన నిలబడి బొటనవేలితో మూల తడిమాను, కత్తిలా ఉంది. మేస్త్రీ నావైపు చూశాడు. నేనేమీ అనలేదు. అప్పటికి నాకు ఉద్యోగంలో రెండో ఏడాది.

రెండో వానాకాలంలో వాచ్‌మన్ ఫోన్ చేశాడు. మోకాలి ఎత్తులో, మూల మీద, జానెడు పొడవున షీటు నిలువుగా విడిపోయింది. చిన్న సుత్తితో తట్టుకుంటూ పోతే కుండ మోగినట్టు బోలు శబ్దం. బ్లేడుతో కోస్తే లోపలినుంచి గోధుమరంగు నీళ్ళు కారాయి. పెచ్చులు చేతికి ఊడొచ్చాయి, లోపల రింగు దారం అంత మిగిలింది. చుట్టకముందే రాడ్లు తుప్పు పట్టి ఉన్నాయి, ఎవరూ పెచ్చులు కొట్టి చూడలేదు. షీటు తుప్పుని ఆపలేదు, కనపడకుండా కప్పింది అంతే. దేవుడి దయ, పై అంతస్తు అప్పటికి పోయలేదు. జాకీలు కట్టి, పిల్లర్లన్నీ కొట్టి, తుప్పు తీసి, కొత్త రాడ్లూ రింగులూ కట్టి మైక్రో కాంక్రీటుతో (సన్నటి కంకర కాంక్రీటు) జాకెట్, అంటే చుట్టూ కొత్త పొర, వేశాం. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 15988 చెప్పేదీ అదే: జాకెట్ కనీసం 100 మి.మీ. మందం, కాంక్రీటు పాతదానికంటే కనీసం 5 ఎంపీఏ ఎక్కువ. 230 కాస్తా 430 అయింది. కారు తలుపు పూర్తిగా తెరుచుకోవడం లేదని ఇప్పటికీ ఒకాయన నన్ను అడుగుతుంటాడు. అయినా ఆ అపార్ట్‌మెంట్ ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా లోపలికెళ్ళి ఆ పిల్లర్లని ఒకసారి తట్టి వస్తాను.

అందుకని నీ 690ని దయచేసి థీసిస్‌లో పెద్దగా రాయి. మన పిల్లర్ సైజుకి, మన మిక్సుకి, ఒక అమ్మాయి పోసి పగలగొట్టిన లెక్క అది. 930 ఎవరైనా చూస్తే దాన్ని పట్టుకుని మళ్ళీ ఏదో ఒక ఇంటికి చుట్టేస్తారు.

---

గుంటూరు_బిల్డర్

సార్, మీరు చెప్పింది చదివాక భయమేస్తోంది. అయితే మన పిల్లర్లకి ర్యాపింగ్ దండగేనా? మేం రెండు చోట్ల చేయించాం.

---

కాకినాడ_సైట్

దండగ కాదండీ. ఎందుకు చుడుతున్నాం అన్నది ముఖ్యం. పైన అంతస్తు వేయడానికి నిలువు బలం కావాలంటే ఈ సైజు పిల్లర్‌కి ర్యాప్ ఆనదు. పొడుగు పక్క పొట్టి పక్కకి రెండింతలు దాటితే ఏసీఐ పద్ధతి ఆ పెరుగుదలనే లెక్కలోకి తీసుకోనివ్వదు, మన 230 × 450 ఆ గీతకి అంచు మీద ఉంది. భూకంపంలో పిల్లర్ అడ్డంగా కోసుకుపోకుండా ఉండటానికి మాత్రం ర్యాప్ బాగా పనిచేస్తుంది, అక్కడ షీటు రింగులాగే అడ్డంగా లాగి పట్టుకుంటుంది, ముఖం బల్లపరుపైనా ఫరవాలేదు. రింగులు దూరందూరంగా కట్టిన పాత ఇళ్ళకి అది పెద్ద ఆసరా. మీ రెండు చోట్లా ఎందుకు చేయించారో, చుట్టేముందు మూలలు గ్రైండ్ చేశారో లేదో, తుప్పు చూశారో లేదో రాయండి. ఫొటోలుంటే పెట్టండి.

---

పగుళ్ల_పరిశోధన

కాకినాడ సార్ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. నాలుగు మూలల పిల్లర్ ముఖాల మీద వంపు ముక్కలు అతికించి, కోడిగుడ్డు ఆకారంలోకి తెచ్చి, ఆపైన చుట్టే పద్ధతి మీద కూడా చాలా పరిశోధన జరిగింది. ముఖం మధ్యలో వదులు పోతుంది. జాకెట్ అంత మందం కాదు కానీ చోటు కొంత తింటుంది.

అడిగినమ్మాయికి: సార్ చేతి లెక్క 694 ఇచ్చిందని మోడల్ మానేయకండి. ఆ ఫార్ములా ఒక్క చివరి అంకె చెప్తుంది. ముఖం ఎక్కడ ఉబ్బింది, మూల దగ్గర స్ట్రెయిన్ ఎంత, మధ్యలో ఎంత అన్నది మోడలే చూపించాలి. స్ట్రెయిన్ గేజులు (షీటు ఎంత సాగిందో కొలిచేవి) ఎక్కడ అతికించారు?

---

స్ట్రక్చర్స్_రెండోఏడాది

నాలుగు రోజులు అందుకే రాయలేదు, ఒక్కొక్కటే మార్చి నడిపాను.

షెల్ కోసి చూస్తే నిలువు దిశలో 101 కేఎన్ మోస్తోంది! లామినా పెట్టగానే 930 నుంచి 831కి దిగింది.

అట్టతో మూలలు కొలిచాను సార్. ఆరు కాలమ్‌లు, ఇరవైనాలుగు మూలలు. ఒక్కటి కూడా 25 లేదు. అట్ట 15 పెడితే వెలుగు కనిపించింది, 10 దగ్గర చాలావాటికి సరిపోయింది. రెండు మూలల్లో పట్టీ పూర్తిగా జారి, దాదాపు పదునుగా ఉంది. ఆ రెండు మూలలూ ఉన్న కాలమే 671కి పోయింది. నాన్నకి ఫోన్ చేస్తే "పట్టీని మేకుతో కొట్టలేదు, జిగురుతో అతికించాను, తడికి ఊడుంటుంది" అన్నారు, బాధపడ్డారు. బాధపడాల్సిందేం లేదు నాన్నా, ఇదే నా థీసిస్‌లో మంచి పేజీ అని చెప్పాను.

రేడియస్ 10 పెడితే 792. పై, కింది ప్లేట్ల దగ్గర 10 మి.మీ. ఖాళీ వదిలితే 779. డైలేషన్ ఇంకా పూర్తి కాలేదు. 2010 పేపర్‌లో ఉన్నట్టు పట్టుని బట్టి మారేలా పెట్టడానికి చిన్న ప్రోగ్రామ్, అంటే సబ్‌రొటీన్ రాస్తున్నాను. మొదటి రన్‌లో 718 వచ్చింది. లోడు గ్రాఫులో కిందికి దిగే కొస ఇంకా సరిగ్గా లేదు, టెస్టులో టక్కున పడిపోతే మోడల్‌లో మెల్లగా జారుతోంది.

గేజులు అక్కా, వెడల్పు ముఖం మధ్యలో రెండు, మూలకి 20 మి.మీ. దూరంలో రెండు. ఫెయిలయ్యేముందు ముఖం మధ్యలో 0.4 శాతం, మూల పక్కన 0.8 చూపించాయి. 1.5కి ఎక్కడా దగ్గరగా కూడా రాలేదు.

ఇంకొక మాట. గైడ్ మేడమ్ చెప్తే రెండు కాలమ్‌లు ఎక్కువ పోశాను, అవి ఇంకా ఉత్తగానే ఉన్నాయి. వాటి మూలలు 25కి గ్రైండ్ చేసి రెండు పొరలు చుడదామనుకుంటున్నాను. లోడింగ్ ఫ్రేమ్ వచ్చే మంగళవారం దొరుకుతుంది. మోడల్ ముందే ఏమంటుందో ఇక్కడే రాసిపెట్టి, తర్వాత పగలగొడతాను.

---

కాకినాడ_సైట్

ముందే రాసిపెట్టి పగలగొట్టడం, శభాష్. అది చాలామంది చేయరు.

గ్రైండింగ్ సంగతి చెప్తాను. 25 రేడియస్ అంటే మూల కొస దగ్గర పోయేది 10 మి.మీ. మాత్రమే. కవర్ 15 నిజంగా ఉంటే రింగుకి ఇంకా పైన 10 చిల్లర మిగులుతుంది, భయం లేదు. కానీ నీ కవర్ బ్లాకులు కూడా పట్టీలాగే కదిలి ఉండొచ్చు. చక్రం ఆనించేముందు, రాడ్డు ఎంత లోతులో ఉందో చూపే కవర్ మీటర్‌తో నాలుగు మూలలూ పైనుంచి కిందిదాకా చూసి సుద్దముక్కతో గీసుకో. డైమండ్ కప్పు వాడు, మామూలు డిస్క్ అయితే అలలు అలలుగా వస్తుంది, ఆ అలల మీదే షీటు కింద గాలి నిలుస్తుంది. గ్రైండ్ అయ్యాక ధూళి బ్లోయరుతో ఊది, ప్రైమర్ కొట్టి, గుంటలకి ఎపాక్సీ పుట్టీ పెట్టి, ఆరాక అదే అట్టతో మళ్ళీ కొలువు. మాస్క్ పెట్టుకో, ఆ ధూళి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

సోమవారం రాత్రి నీ మోడల్ అంకె ఇక్కడ చూస్తాను.